మిగతా వేడి ఎవరి వాటా

మొన్న ఆదివారం మీరిద్దరూ ఫోన్లో పోట్లాడుకుంటుంటే విన్నాను. ఈ మధ్య రెండు మూడేళ్ళుగా భూమి వేడి అనుకున్నదానికంటే ఎక్కువగా ఎందుకు ఎగబాకిందో పెద్దది క్లాసులో చెప్పాలట. సముద్రం వేడెక్కడం వల్ల అని అది. కాదు, ఓడలు శుభ్రమైన నూనె వాడటం మొదలుపెట్టాక వాటి పొగ తగ్గిపోయింది, ఇన్నాళ్ళూ ఆ పొగే ఎండకి గొడుగు పట్టింది, అందువల్ల అని చిన్నాడు. మధ్యలో మీ అమ్మ వచ్చి మబ్బులు పల్చబడ్డాయని ఎక్కడో చదివానంది. మీ నాన్న వంటింట్లోంచే సముద్రం అడుగున పేలిన అగ్నిపర్వతం సంగతి అందించారు. మనం కాల్చే బొగ్గూ పెట్రోలూ వీటన్నిటికీ అడుగున ఉండనే ఉన్నాయని అందరూ ఒప్పుకున్నారు. ఆ పైన ఎగబాకిన కాస్త వేడీ ఎవరిదన్నదే తగాదా.

"అమ్మమ్మా, నువ్వు చెప్పు" అన్నారు. నేను చెప్పబోయేలోపల ఫోన్ ఆగిపోయింది. అందుకని రాస్తున్నాను. భూమి సంగతి నాకు తెలియదు. నూజివీడులో మా ఇంటి సంగతి చెప్తాను.

అప్పటికి నాకు పెళ్ళై నాలుగేళ్ళు. ఎనభైల్లో మాట. మీ తాతయ్య ఎండాకాలమంతా లారీలతో పాటు బెజవాడ మార్కెట్లోనే ఉండేవారు, అందుకని ఆయన ఇందులో లేరు. ఉండి ఉంటే వ్యవహారం ఇంత దూరం వచ్చేది కాదని ఇప్పటికీ అంటుంటారు. ఇంట్లో ఉన్నది మామగారు, అత్తగారు, నేను, అప్పుడే బీఎస్సీ ఫిజిక్సు పరీక్షలు రాసి వచ్చిన మా మరిది. మీ చిన్నతాత. ఇప్పుడు అంత గంభీరంగా కూర్చుంటాడు కదా, అప్పుడు అలా ఉండేవాడు కాదు.

మాది మామిడికాయల వ్యాపారం. ముందు హాలు, దాన్ని ఆనుకుని వెనక కాయలు మాగేసే గది. పచ్చికాయలు తెచ్చి వరిగడ్డిలో పొరలు పొరలుగా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి, తలుపు మూసేవాళ్ళం. లోపల కాయ పండుతున్నకొద్దీ గడ్డి వేడెక్కుతుంది. మామగారు పొద్దున్నా సాయంత్రం మోచేతి దాకా గడ్డిలో చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని ఆ వేడిని బట్టి "ఇంకా రెండ్రోజులు" అనో, "రేపు తీసేయండి" అనో చెప్పేవారు. మా అత్తగారూ చూసేది. నాలుగేళ్ళలో నాకూ వచ్చింది ఆ విద్య. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మామిడికాయకి వేడి పుడుతుందని ఈ జిల్లాలో అందరికంటే బాగా తెలిసిన ఇల్లు మాది.

ఆ ఏడు ఎండలు కాస్త ముందే ముదిరాయి. ఏప్రిల్ సగంలోనే గచ్చు మీద కాలు పెట్టలేకపోయేవాళ్ళం. అలాంటి రోజుల్లో మా మరిది బెజవాడ వెళ్ళి ఒక ధర్మామీటరు కొనుక్కొచ్చాడు. జ్వరం చూసేది కాదు, గోడకి తగిలించేది. చెక్క మీద గాజుగొట్టం, అందులో ఎర్రని ద్రవం. హాల్లో క్యాలెండరు తీసేసి ఆ మేకుకి తగిలించాడు.

"నా పంచాంగం క్యాలెండరు ఎక్కడ పెట్టావురా?" అంది అత్తగారు.

"అమ్మా, ఇకనించీ మనం సైన్సు ప్రకారం నడుస్తాం."

"అయితే ఏకాదశి ఎప్పుడో నీ సైన్సునడుగు."

అత్తగారు అలా అన్నది కానీ మూడోరోజుకే ఆవిడ కూడా దాని ముందు నిలబడి "ఎంతుందిరా?" అని అడగడం మొదలుపెట్టింది. వీధిలో అలాంటిది ఇంకెవరికీ లేదు. పక్క సోడా కొట్టాయన మధ్యాహ్నం బేరం సద్దుమణిగాక లుంగీ ఎగగట్టుకుని వచ్చి చూసేవాడు. అంకె చూసేదాకా బాగానే ఉన్న మనిషి, నలభై అయిదు అనగానే తువ్వాలుతో మొహం తుడుచుకుని "అబ్బ, అందుకే" అనేవాడు. మా మామగారైతే మజ్జిగ కూడా దాన్ని బట్టే తాగేవారు. నలభైకి ఒక గ్లాసు. ఆ పైన గీతకో అర గ్లాసు.

ఎర్రగీత మాత్రం వింతగా నడిచేది. కొన్నాళ్ళు రోజూ ఎక్కి ఎక్కి నలభై ఆరు తాకేది. ఉన్నట్టుండి ఒకరోజు దిగేది. మళ్ళీ ఎక్కేది. బయట ఎండ చూస్తే నిన్నా ఇవాళా ఒకలాగే కనిపించేది. గీత ఎక్కినప్పుడల్లా ఎందుకు ఎక్కిందో తేల్చడానికి మా హాల్లో సభ జరిగేది.

సోడా కొట్టాయనకి అనుమానం ఊళ్ళో కొత్తగా ఏసీ పెట్టిన సినిమా హాలు మీద. "లోపల అంతమందికి చల్లగా ఉందంటే ఆ వేడంతా ఎక్కడికి పోవాలి చెప్పండి? బయటికే కదండీ. వాళ్ళు బాల్కనీలో స్వెట్టర్లు వేసుకుని కూర్చుంటున్నారు, మనం ఇక్కడ ఉడుకుతున్నాం."

మా మరిది రేడియోలో విన్న సంగతి చెప్పేవాడు. ఎక్కడో అవతలి గోళార్ధంలో సముద్రం వేడెక్కితే వానలూ ఎండలూ ప్రపంచమంతా తారుమారవుతాయట.

"అక్కడి సముద్రం వేడెక్కితే మన గచ్చు కాలడమేంటయ్యా?" అన్నారు మామగారు. ఆయన దృష్టిలో తప్పు రాకెట్లది. పంపినప్పుడల్లా ఆకాశానికి చిల్లు పడుతోందని, ఆ చిల్లులు పూడ్చేవాడు లేడని ఆయన బెంగ.

అత్తగారిది అందరికంటే విచిత్రమైన మాట. ఊరి చివర ఇటుకబట్టీ ఒకటి ఉండేది. బట్టీ వాళ్ళల్లో వాళ్ళకి ఏదో తగాదా వచ్చి ఆ ఏడు కాల్చలేదు. "రోజూ ఆ పొగ మన మీదగా పోయేది. ఎండకి తెరలాగా ఉండేది. ఇప్పుడు పొగ లేదు, సూటిగా పడుతోంది" అంది.

"ఊరుకోమ్మా. పొగ ఉంటే కదా వేడి. పొగ పోతే వేడి పెరగడమేంటి?" అని మా మరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. సోడా కొట్టాయన కూడా నవ్వాడు. నేనూ కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మొన్న చిన్నాడు ఓడల పొగ సంగతి చెప్పినప్పుడు నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు చూడండి, లైను పోయిందనుకున్నారు. అప్పటికింకా లైను బాగానే ఉంది. నాకు మా అత్తగారు గుర్తొచ్చింది. ఒక్క ఇటుకబట్టీ పొగతో ఊరంతా వేడెక్కి ఉండదు లెండి. అయినా ఆవిడ పోయేలోగా ఈ ఓడల మాట ఎవరన్నా చెప్పి ఉంటే ఎంత మురిసిపోయేదో.

గీత దిగినప్పుడు కూడా అంతే. మొదటిసారి దిగింది అత్తగారు ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించిన రోజు. ఇంకేముంది, ఆవిడ మూడు రోజులు తల దించలేదు. రెండోసారి దిగినరోజు పొద్దున్నించీ కరెంటు లేదు, సినిమా హాలు మూసేశారు. సోడా కొట్టాయన పరిగెత్తుకొచ్చాడు. "చూశారా షావుకారుగారూ? ఏసీ ఆగింది, ఎండ దిగింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలండీ?"

ఆ రెండు రోజుల్లోనూ మా మాగుడు గది ఖాళీ చేసి, పండిన బంగినపల్లి కాయలు లారీకి ఎత్తించామని మాలో ఒక్కరికీ తట్టలేదు. కాయలు ఎత్తించింది మేమే. గడ్డి ఊడ్చింది నేనే.

ఇదంతా నవ్వులాటగా పోయేది, మామగారికి ఆగిరిపల్లి తోట లేకపోతే. ఎప్పటిలాగే ఆ ఏడు కూడా ఆయన అక్కడి చిన్నరసాల తోట కాపు కొన్నారు. చిన్నరసం ఎప్పుడు కోయాలన్నదానికి ఆయనకి ఒకటే పద్ధతి. చెట్టు మీదే పండిన కాయ ఒకటి తనంతట తాను రాలి కింద పడాలి. అది దొరికిన రోజే కోత. అంతకుముందు ఎవరు చెప్పినా వినేవారు కాదు. "కోయమని చెట్టు చెప్పాలి, మనం కాదు" అనేవారు.

ఒక్కసారి తప్పారు. అంతకుముందు ఏడు గాలివాన వస్తుందని ఎవరో అంటే హడలిపోయి ముందే కోయించారు. గాలీ రాలేదు, వానా రాలేదు. కాయలు గడ్డిలో తోలు ముడతలు పడ్డాయి కానీ లోపల పులుపు చావలేదు. ఇరవై ఏళ్ళనించీ ఆయన దగ్గరే రసాలు తీసుకునే బెజవాడ షాపాయన నలుగురి ముందూ "షావుకారుగారూ, ఈసారి రసాలు పంపమంటే పచ్చడికాయలు పంపారేంటండీ" అన్నాడట. ఆ మాట మామగారిని ఏడాదంతా తిననివ్వలేదు. ఈ ఏడు కూడా అలాగే అయితే ఆ షాపు మెట్లు ఎక్కలేనని అత్తగారితో అనడం నేను విన్నాను. చేతికి దొరికిన ఏ రసంకాయనైనా తిప్పి తిప్పి చూసేవారు, పరీక్ష ఫలితాల కోసం పేపరు తిప్పే పిల్లాడిలాగా.

ఇప్పుడు ఈ ఎర్రగీత వచ్చి నెత్తిన కూర్చుంది. రోజూ నలభై ఆరు. మా మరిది నిద్రపోనివ్వడు.

"నాన్నా, ఇది మామూలు ఎండ కాదు. ఈ వేడికి కాయ చెట్టు మీదే ఉడికిపోతుంది. మీరు చెట్టు చెప్పేదాకా ఆగితే చెప్పడానికి కాయ ఉండదు."

"కాయ రాలితే తోట దగ్గరున్న కోతల మేస్త్రీ కబురు పెడతాడులే."

"రాలడం మొదలైతే ఒకటి రెండు కాదు, బుట్టలు బుట్టలు రాలతాయి. అప్పుడు కబురు పెట్టి ఏం లాభం?"

మామగారు రెండు రోజులు ఆలోచించారు. లేచి వచ్చి గీత చూసేవారు, వెళ్ళి కూర్చునేవారు. మూడో రోజు మధ్యాహ్నానికి గీత నలభై ఏడు దగ్గర నిలబడింది. ఆయన మొహం మాడిపోయింది. "సరే. రేపు పొద్దున్నే మనుషుల్ని తీసుకుని తోటకి రమ్మని మేస్త్రీకి చెప్పు" అన్నారు. మరిది సైకిలు మీద వెళ్ళి ఆగిరిపల్లి బస్సు డ్రైవరుకి కబురు చెప్పి వచ్చాడు.

వచ్చేసరికి అత్తగారు రోజూలాగే భోజనమయ్యాక హాల్లో గోడకి నడుం ఆనించి కూర్చుని ఉంది, సరిగ్గా ధర్మామీటరు కింద. ఆవిడకి నడుంనొప్పి. ఎండాకాలం వస్తే చాలు, మధ్యాహ్నం అక్కడ చేరి కళ్ళు మూసుకునేది.

"లేమ్మా, చూసుకోవాలి. నువ్వు అలా ఆనుకుంటే నీ ఒంటి వేడి గోడకెక్కుతుంది, లెక్క తప్పుతుంది" అన్నాడు మా మరిది.

"నా వేడి గోడకెక్కడమేంట్రా. గోడ వేడి నా నడుముకి ఎక్కుతుందనేగా ఇక్కడ కూర్చునేది."

మామగారు తాగుతున్న మజ్జిగ గ్లాసు దించారు. నేను గుమ్మంలో బియ్యం ఏరుతున్నదాన్ని చేట కింద పెట్టాను.

"గోడ వేడేంటి?" అన్నారు మామగారు, నెమ్మదిగా.

"వెచ్చగా ఉంటుంది కదండీ. ఎండాకాలమల్లా నా కాపడం ఇదే. వేణ్ణీళ్ళు కాచక్కర్లేదు, గుడ్డ ముంచక్కర్లేదు."

మామగారు లేచి వచ్చి ఆ గోడ మీద అరచెయ్యి ఆనించారు. తర్వాత వీధివైపు గోడ మీద ఆనించారు. మళ్ళీ ఇక్కడ. వెనకవైపు నడిచి మాగుడు గది తలుపు తీసుకుని లోపలికి వెళ్ళారు. అవతలి పక్క సరిగ్గా అదే గోడని ఆనుకుని నడుం ఎత్తున గడ్డీ కాయలూ. ఆయన చెయ్యి దూర్చి కళ్ళు మూసుకున్నారు.

"రేపు తీసేయొచ్చు" అన్నారు అలవాటు కొద్దీ. తర్వాత కళ్ళు తెరిచి కొడుకు వంక చూశారు. చొక్కా చేతికి గడ్డిపరకలు. "ఏరా ఫిజిక్సూ, ఆ మేకు ఏ గోడకి కొట్టి ఉంది?"

మా మరిది చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మా, ఇన్నాళ్ళూ నీకు తెలుసు. మరి ఒక్కసారన్నా చెప్పలేదేంటి?"

"మీరంతా సముద్రాల గురించీ ఆకాశానికి చిల్లుల గురించీ మాట్లాడుకుంటుంటిరి. గోడ గురించి నన్నెవరడిగారు?"

ముందుగా నవ్వింది మామగారే. ఆయన నవ్వడం నేను ఆ నెలలో అదే చూడటం. ధర్మామీటరు తీసుకెళ్ళి పెరట్లో సపోటా చెట్టు నీడన, గోడలకి దూరంగా దండెం తాడుకి కట్టాం. నలుగురం పీటలేసుకుని దాని చుట్టూ కూర్చున్నాం, అన్నం ఉడుకుతుంటే కూర్చున్నట్టు. సోడా కొట్టాయన కూడా కబురు తెలిసి వచ్చి ఒక పీట లాక్కున్నాడు. ఎర్రగీత కొంచెం కొంచెంగా దిగి దిగి నలభై మూడు దగ్గర ఆగింది. ఇంక దిగలేదు.

"నాలుగు డిగ్రీలు మన కాయలవే" అన్నాడు మా మరిది.

"అంటే ఆ రోజు గీత దిగింది నా సినిమా హాలు వల్ల కాదంటారా?" అన్నాడు సోడా కొట్టాయన. ఆయన మొహం చూస్తే జాలేసింది.

"ఆ రోజు కాయలు లారీకి ఎత్తించాం" అన్నాను.

"ఆకుపూజ రోజు కూడానా?" అని అత్తగారు నన్నే అడిగింది. నేను తల ఊపాను. "అయినా పూజ ఎక్కడికీ పోదులే" అందావిడ.

కాసేపు అంతా తేలికపడ్డాం. అంతలో సోడా కొట్టాయనే మళ్ళీ అందుకున్నాడు. "నాలుగు మీ కాయలవి. ఒప్పుకున్నాను. మరి ఈ నలభై మూడేంటండీ? కిందటేడు ఈ రోజుల్లో ఇంత లేదు. నా సోడాలే చెప్తున్నాయి, కిందటేడు ఈ పాటికి సగం కూడా అమ్మలేదు. ఈ మిగతా వేడి ఎవరిది?"

ఇంక చూడండి. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు ఆ మిగతా వేడిని వాటాలు వేయడం మొదలుపెట్టారు. సముద్రానికి సగం రాయమని మరిది. సినిమా హాలుకి కనీసం ఒక డిగ్రీ అయినా ఇవ్వకపోతే ఒప్పుకోనని సోడా కొట్టాయన. బట్టీ పొగ వాటా నాకు విడిగా చూపించాలని అత్తగారు. మామగారు రాకెట్ల మాట ఎత్తలేదు. ఆయన మనసు తోట మీద ఉంది.

"నలభై ఏడని కదా కోయమన్నాను. నలభై ఏడు కాదు. కానీ మామూలూ కాదు. ఇప్పుడు కోయాలా, ఆగాలా?"

మేస్త్రీకి మళ్ళీ కబురు పెడదామంటే చివరి బస్సు వెళ్ళిపోయింది. "పొద్దున్నే నేనే వెళ్తాను. అమ్మాయ్, నువ్వూ రా" అన్నారు నాతో.

నన్నెందుకంటే, నా ముక్కు. చెట్టు కింద ఎండాకుల్లో పండు ఎక్కడ పడినా నాకు వాసన తెలిసిపోయేది. మామగారికి నా వంట మీద అంత నమ్మకం లేదు కానీ ముక్కు మీద ఉండేది.

మొదటి బస్సుకి వెళ్ళాం. ధర్మామీటరు తువ్వాలులో చుట్టుకుని మా మరిది కూడా వచ్చాడు. వద్దంటే వినలేదు. మేము వెళ్ళేసరికి మేస్త్రీ మనుషులతో సిద్ధంగా ఉన్నాడు. గడకర్రల చివర వలసంచులు కట్టిన చిక్కాలు చెట్లకి ఆనించి, గంపలు వరసగా పెట్టి, ఆడవాళ్ళు తలగుడ్డలు చుట్టుకుంటున్నారు.

"చెయ్యి వెయ్యమంటారా షావుకారుగారండీ?" అన్నాడు మేస్త్రీ.

"ఆగు. పండు రాలిందా?"

"నేను చూడలేదండీ. కోయమని కబురు పెట్టింది తమరే కదండీ. ధర్మామీటరు చెప్పిందంట కదా."

"అది గోడ మీది సంగతిలే" అన్నారు మామగారు. మేస్త్రీకి అర్థం కాలేదు, అయినా తల ఊపాడు.

నేను వెతకడం మొదలుపెట్టాను. పడమటి చివర వరసలో నాలుగో చెట్టు కిందికి వెళ్ళేసరికి తియ్యటి వాసన. ఆకులు జరిపితే పండు. చేతిలోకి తీసుకుని తిప్పితే ఒక పక్క చిలక కొట్టి ఉంది.

మామగారు చూసి "ఇది లెక్కలోకి రాదు" అన్నారు. "చిలక లాగితే పడింది, తనంతట పడలేదు."

"చిలకకి పచ్చికాయతో పనేంటండీ? తియ్యగా ఉంటేనే కదా కొట్టేది" అన్నాడు మేస్త్రీ.

"నీకు తొందర ఎక్కువ మేస్త్రీ, చిలకకీ తొందర ఎక్కువే."

కోతకొచ్చిన ఆడవాళ్ళలో పెద్దావిడ నవ్వాపుకోలేక "చిలకని పిలిచి పంచాయతీ పెట్టండి షావుకారుగారూ" అంది. గంపలు బోర్లించి అందరూ కూర్చున్నారు, సినిమా మొదలయ్యేముందు కూర్చున్నట్టు.

నేను ఇంకా ముందుకి వెళ్ళాను. అదే వరసలో చివరి చెట్టు మొదట్లో ఇంకొకటి. దానికి చిలక గాటు లేదు. ముచ్చిక దగ్గర తొడిమ శుభ్రంగా ఊడిపోయి, పసుపు తిరిగి, బుగ్గ మీద ఒక్క మరక కూడా లేకుండా ఉంది. రెండు చేతుల్లో పట్టుకుని తీసుకెళ్ళి ఇచ్చాను. మామగారు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మామూలుగా ఆ తోటలో పండు రాలడానికి ఇంకా పది రోజులన్నా ఉంది.

"చెప్పిందన్నమాట" అన్నారు.

మేస్త్రీ చిక్కం అందుకున్నాడు. అప్పుడు నేను పడమరకి చూశాను. కిందటేడు అటువైపు ఇంకో మామిడి తోట ఉండేది, పెద్ద పెద్ద చెట్లు. అది కొట్టేసి దున్ని పెట్టారు. సాయంకాలం ఎండంతా ఇప్పుడు అడ్డం లేకుండా సూటిగా మా చివరి వరసల మీదే పడుతోంది.

"మామయ్యగారూ, రెండు పండ్లూ ఈ పక్కవే" అన్నాను. "అటు తోట లేదు కదా. ఆ ఎండ వల్లేనేమో."

మా మరిది నా వంక చూశాడు. "ఇదీ గోడ లాంటిదేనంటావా వదినా?"

"ఏమో. మధ్య వరసల్లో చూస్తే తెలుస్తుంది."

మామగారు నన్నూ మరిదినీ మధ్య వరసల్లోకి పంపారు. ప్రతి చెట్టు కిందా ఆకులు కెలికాం. వాడు మధ్యలో ఒక కొమ్మకి ధర్మామీటరు కట్టి, దాని సంగతి మర్చిపోయి నా వెనకే వంగి వాసన పీలుస్తూ నడిచాడు. పిందెలున్నాయి, ఎండిన పూతకాడలున్నాయి, ఒక కోడిపెట్ట ఉంది. పండు లేదు. తిరిగొచ్చి లేదని చెప్పాం.

మామగారు చేతిలో పండుని ఇంకోసారి తిప్పి తిప్పి చూశారు. ఎండ అప్పటికే భుజాలు కాలుస్తోంది. మేస్త్రీ సణిగాడు. "గాలివాన వస్తే మొత్తం పోద్దండీ. మనుషులున్నారు, గంపలున్నాయి. ఎటూ వచ్చాం, మొత్తం దులిపేద్దాం."

"కిందటేడు నా చేత ఇలాగే దులిపించారు" అన్నారు మామగారు. "ఈ చివరి రెండు వరసలూ కోయండి. మధ్యలోది ఒక్క కాయ కూడా ముట్టుకోవద్దు. మీ అందరి కూలీ నిండుగా ఇస్తాను, మిగతా పూట నీడన పడుకోండి."

"గాలి వస్తే?"

"వస్తే రానీ. అప్పుడు పచ్చడికాయలని నేనే చెప్పి అమ్ముతాను."

మధ్యాహ్నానికి ఆ రెండు వరసలూ కోసి, సొన కారనిచ్చి, గంపల్లో సర్ది ఇంటికి చేర్చాం. బంగినపల్లి కాయలు ఆ పొద్దున్నే ఎత్తేశారు కనుక గది ఖాళీగా ఉంది. కొత్త గడ్డి పరిచి మామగారే స్వయంగా పేర్చారు. ఒక్కొక్క కాయనీ పడుకోబెట్టడం చూస్తే ఉయ్యాల్లో పిల్లని వేస్తున్నట్టుంది. ఆ రోజునించీ పొద్దునా సాయంత్రమే కాదు, మధ్యలో కూడా వెళ్ళి చెయ్యి దూర్చేవారు. అత్తగారు కోప్పడింది. "అన్నిసార్లు తలుపు తీస్తే వేడి పోతుంది. ఇంక నా నడుముకేం మిగులుద్ది?"

ఆ కాయలు గడ్డిలో ఉండగానే ఆగిరిపల్లినించి కబురొచ్చింది. మధ్య వరసల్లో కూడా పండు రాలిందట, చిలక కొట్టనిది. మామూలు కంటే నాలుగైదు రోజులు ముందు. పడమటి వరసలంత ముందు కాదు, అలాగని ప్రతి ఏటిలాగా కూడా కాదు. గాలివాన రాలేదు. మా మరిది వేళ్ళు మడిచి లెక్కలు వేశాడు. పడమటి వరసల తొందర పక్కతోట కొట్టేసిన చోటునించి పడే ఎండది. మిగతా ఈ నాలుగైదు రోజులు ఎవరివి? సముద్రానివా, బట్టీ పొగవా, మాకు తెలియనిది ఇంకేదన్నా ఉందా? మళ్ళీ పెరట్లో పీటలు పడ్డాయి. ఎవరి వాటా వాళ్ళు అడిగారు. తేలలేదు. పెద్దదానా, అందుకే నీ క్లాసులో ఒక్కటే కారణం చెప్పమంటే తొందరపడకు. ముందు గోడ మీద చెయ్యి వేసి చూశారా అని భూమి వేడి కొలిచేవాళ్ళని అడుగు. చూశామంటారు, ఈ రోజుల్లో వాళ్ళు మాలాంటి వాళ్ళు కాదు. అప్పుడు మిగిలినదాని గురించి పోట్లాడుకోండి. చిన్నాడి ఓడల పొగకి కూడా కాస్త వాటా ఇవ్వు. మీ ముత్తవ్వ తరఫున అడుగుతున్నాను.

పడమటి వరసల కాయలు తీసే రోజు వచ్చింది. బెజవాడ షాపుకి పంపేముందు ఇంట్లో ఒకటి తిని చూడాలి. మామగారు గడ్డిలోంచి గంపకెత్తిన వాటిల్లో ఒకటి తీసి, కడిగి, గంప పక్కనే అరుగు మీద కూర్చున్నారు. అత్తగారు ఒక పక్క, మరిది ఒక పక్క, నేను గుమ్మంలో. సోడా కొట్టాయన సీసా చేత్తో పట్టుకుని గోడ పక్కన. మామగారు రెండు అరచేతుల మధ్యా పండుని మెల్లగా పిసికారు, తొందర లేకుండా, తోలు చిట్లకుండా. ముచ్చిక తీసి మొదటి చుక్క పిండేశారు. నోటికి పెట్టుకుని జుర్రారు.

మేమంతా ఆయన మొహం చూస్తున్నాం. ఆయన కళ్ళు మూసుకున్నారు, గడ్డిలో చెయ్యి పెట్టినప్పటిలాగా. తోలు చదునయ్యేదాకా వదల్లేదు. టెంక కూడా పైకి తీసి నాకారు. మోచేతి దాకా రసం కారుతోంది, తుడుచుకోలేదు.

"ఎలా ఉందండీ?" అంది అత్తగారు.

ఆయన గంపలోకి చెయ్యి పెట్టి రెండోది తీసుకున్నారు.